పొగడ చెట్టు పెంచడం: గింజ నుంచి పూలు రాలే దాకా

ఇంటి ముందు చెట్టు పెడదామనుకునేవాళ్ళు ముందుగా అడిగేది ‘త్వరగా ఎదిగేది ఏదండీ?’ అని. త్వరగా కావాలనుకుంటే పొగడ జోలికి రాకండి. ఇది నిదానం మనిషి. మొదటి రెండేళ్ళు అసలు ఎదుగుతోందా లేదా అని టెన్షన్ పెడుతుంది. ఐదో ఏడు వచ్చేసరికి ‘పర్లేదే’ అనిపిస్తుంది. ఆ తర్వాత మీ పిల్లలు, వాళ్ళ పిల్లలు కూడా దాని నీడన కూర్చుంటారు.

నేను పొగడ మొక్కలు పెంచడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. కొన్ని బతికాయి, కొన్ని నా తెలివితక్కువతనం వల్ల పోయాయి. పోయినవాటిలో ఎక్కువ భాగం పెద్దయ్యాక జబ్బు చేసి పోలేదు. నాటిన రోజున చేసిన తప్పు నాలుగేళ్ళకు బయటపడి పోయాయి. అందుకే వేర్ల గురించి, మొదటి మూడేళ్ళ గురించి కాస్త ఎక్కువే చెబుతాను.

చెట్టు స్వభావం

పొగడనే వకుళం, బకుళం అని కూడా అంటారు. వైష్ణవ భక్తకవి నమ్మాళ్వారుకు వకుళాభరణుడనే పేరు వచ్చింది ఈ పూలదండ వల్లే. చెన్నై పక్కన తిరువొత్తియూరు త్యాగరాజస్వామి గుడిలో స్థలవృక్షం ఇదే, తమిళులు మగిళం అంటారు. మగువ పుక్కిలించిన మద్యం తగిలితే పొగడ పూస్తుందని మన కావ్యాల్లో కవిసమయం. మనకంత ఖర్చు అక్కర్లేదు, మాగిన పశువుల ఎరువు చాలు.

ఇది సపోటా, ఇప్ప, పాల చెట్ల కుటుంబానికి చెందింది. ఆకు తుంచితే పాలు కారతాయి. ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. ఆకులు ముదురుపచ్చగా, నిగనిగలాడుతూ, అంచుల దగ్గర అలలు తిరిగి ఉంటాయి. మన ఊళ్ళలో మామూలుగా 40, 50 అడుగుల దాకా ఎదుగుతుంది. గొడుగు పట్టినట్టు గుండ్రని తల, కింద చిక్కటి నీడ. కలప ఎర్రగోధుమ రంగులో, నీళ్ళలో వేస్తే మునిగేంత బరువుగా ఉంటుంది. ఇంగ్లీషువాళ్ళు బుల్లెట్ వుడ్ అని ఊరికే అనలేదు. అంత గట్టి కలప కట్టుకోవడానికి చెట్టు తీరిగ్గా సమయం తీసుకుంటుంది. నిదానానికి అసలు కారణం అదే.

చోటు చూసుకోవడం

గోడకు కనీసం 12 అడుగుల దూరం ఉండాలి, 15 ఉంటే ఇంకా మంచిది. వరుసగా నాటేటట్టయితే చెట్టుకూ చెట్టుకూ మధ్య 20 నుంచి 25 అడుగులు వదలండి. పైన కరెంటు తీగలుంటే ఆ చోటు మర్చిపోండి. పదిహేనేళ్ళ తర్వాత లైన్‌మన్ వచ్చి తల నడిమికి నరికి పోతాడు, తప్పు ఆయనది కాదు. సెప్టిక్ ట్యాంకు పక్కన, డ్రైనేజీ పైపు మీద కూడా వద్దు.

ఎండ బాగా తగిలే చోట పూత ఎక్కువ. చిన్న మొక్కగా ఉన్నప్పుడు మాత్రం కొంచెం నీడ ఓర్చుకుంటుంది, నిజానికి ఇష్టపడుతుంది కూడా. సముద్రపు ఉప్పుగాలిని, రోడ్డు దుమ్మును తట్టుకుంటుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు వాళ్ళకు ఇది మంచి ఎంపిక. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్ళాక విశాఖ రోడ్ల మీద ఎన్ని చెట్లు పడి ఉన్నాయో చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. త్వరగా పెరిగి, వేరు పైపైనే పరుచుకుని, కొమ్మ పెళుసుగా ఉండే చెట్టు అలాంటి గాలికి నిలవడం కష్టం.

పార్కింగు చోటు పక్కన పెట్టేముందు ఒకసారి ఆలోచించండి. పూలు రాలితే బాగానే ఉంటుంది. పండ్ల కాలంలో మెత్తటి పండ్లు, వాటి కోసం వచ్చే గబ్బిలాల రెట్టలు కారు మీద పడితే అంత బాగుండదు.

గింజ నుంచి మొలక

పొగడను గింజతో పెంచడమే తేలిక. కొమ్మ కత్తిరించి గుచ్చితే వేరు పట్టడం చాలా అరుదు. గాలి అంటు (కొమ్మ చెట్టు మీదుండగానే దానికి వేరు పట్టించడం) కట్టేవాళ్ళున్నారు, ఓపిక ఉంటే ప్రయత్నించవచ్చు.

పండు ఎప్పుడు దొరుకుతుందని క్యాలెండర్ చూడకండి, పండు రంగు చూడండి. ఆకుపచ్చ పోయి పసుపు, నారింజ రంగులోకి తిరిగి, తనంతట తాను రాలిన పండే కావాలి. అంగుళం పొడవుంటుంది. లోపలి గుజ్జు పిండిపిండిగా, తియ్యగా, వెనకే వగరుగా ఉంటుంది. చిన్నప్పుడు బడి వెనక ఏరుకుని తిన్నవాళ్ళకు ఆ వగరు నాలుక మీద ఇంకా ఉండే ఉంటుంది. ఒక్కో పండులో సాధారణంగా ఒకటే గింజ, ముదురు గోధుమ రంగులో, పాలిష్ పెట్టినట్టు మెరుస్తుంది.

గుజ్జంతా పోయేలా కడగండి, లేకపోతే చీమలూ బూజూ పడతాయి. ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టి, తేలినవి పారేయండి. కొందరు పెంకును గరుకు కాగితం మీద రుద్దుతారు. తాజా గింజకు నాకెప్పుడూ ఆ అవసరం రాలేదు. నెలల తరబడి డబ్బాలో దాచిన గింజ మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

ఎర్రమట్టి, ఇసుక, మాగిన ఎరువు సమపాళ్ళలో కలిపి నర్సరీ కవర్లో నింపి, అర అంగుళం లోతులో గింజ పెట్టండి. కవరు కనీసం తొమ్మిది అంగుళాల ఎత్తుండాలి, వేరు కిందికి దిగడానికి చోటు కావాలి. తడి ఆరకుండా, నీళ్ళు నిలవకుండా, సగం నీడలో ఉంచండి. మొలక రావడానికి మూడు వారాలు పట్టొచ్చు, రెండు నెలలూ పట్టొచ్చు. నెల దాటిందని కవర్లో మట్టి తవ్వి చూసేవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. అలా తవ్వి చూసినప్పుడు అప్పుడే విచ్చుకుంటున్న గింజ వేరు కొస విరిగింది. వదిలేయండి, అదే వస్తుంది.

పెద్ద పొగడ చెట్టు మీకు దగ్గర్లో ఉంటే ఇంకో దారి ఉంది. గబ్బిలాలు, పక్షులు పడేసిన గింజలు వానాకాలంలో గోడ పక్కన, గుబురు మొక్కల కింద వాటంతటవే మొలుస్తాయి. నాలుగు ఆకులున్నప్పుడు, బాగా తడిసిన నేలలో మట్టిగడ్డతో సహా పెకలించి కవర్లోకి మార్చుకోవచ్చు.

నర్సరీలో కొనేటప్పుడు

కడియం, కడియపులంక వైపు వెళ్తే చేతికర్రంత మొక్క నుంచి లారీలో పడుకోబెట్టి తీసుకెళ్ళే చెట్టు దాకా దొరుకుతుంది. అక్కడే నేను పెద్ద పాఠం నేర్చుకున్నాను. ఏ నర్సరీ అన్నది అనవసరం. పన్నెండడుగుల మొక్క, నిటారుగా, చూడముచ్చటగా ఉంది. సంచి మాత్రం చిన్నది. ఒక పక్క కోసి వేరు చూస్తానంటే అక్కడ పనిచేసే అతను నవ్వాడు.

‘సంచి కోస్తే మొక్క పాడైపోదేటండీ? ఆకు చూడండి ఎంత నున్నగా ఉందో.’

ఆకు చూశాను, డబ్బులిచ్చాను. అదే వారం, నేను గింజ నుంచి పెంచిన రెండడుగుల మొక్కను కూడా కొంచెం దూరంలో నాటాను. నాలుగో ఏడు ఒక గాలివానకు పన్నెండడుగుల చెట్టు పక్కకు ఒరిగింది. లేపుదామని పట్టుకుంటే మొత్తం చేతికి వచ్చేసింది. వేర్లు ఒక్కటీ బయటికి పాకలేదు, సంచి ఆకారంలోనే, చాపచుట్టలా చుట్టుకుని ఉన్నాయి. ఒక వేరు కాండం మొదలు చుట్టూ తాడులా బిగిసిపోయింది. గింజ మొక్క అప్పటికి నా భుజం దాటింది. దాన్ని మాత్రం గాలి కదపలేదు.

కాబట్టి కొనేటప్పుడు ఆకు తర్వాత, ముందు కింద చూడండి. రెండు నుంచి ఐదడుగుల ఎత్తు, అందుకు తగ్గ సంచి ఉన్న మొక్క తీసుకోండి. సంచి కింద రంధ్రాల్లోంచి బొటనవేలంత వేరు నేలలోకి దిగి, దాన్ని నరికి ఇస్తున్నారంటే ఆ మొక్క వద్దు. కాండం మొదట్లో పైపొర మట్టిని వేలితో పక్కకు తీసి, చుట్టుకుంటున్న వేరు ఏమైనా ఉందేమో చూడండి. కర్ర కట్టి నిలబెట్టిన మొక్కయితే కట్టు విప్పించండి. కట్టు లేకపోతే వాలిపోయే మొక్కను కట్టుతో అమ్ముతారు. కింది కొమ్మలు కొన్ని ఉన్నదే మంచిది, కాండం వాటివల్లే లావెక్కుతుంది.

గుంత, నాటడం

తెలంగాణలో, రాయలసీమలో జూన్, జూలై వానలకు నాటండి. కోస్తాలో అక్టోబరు వానలు కూడా పనికొస్తాయి. ఎండాకాలం మొదట్లో నాటితే నీళ్ళు మోయడం మీ పని.

మామూలు నేలలో రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంత చాలు. మొరం నేలయితే గడ్డపలుగు పట్టుకుని మూడడుగులకు పోవాల్సిందే. తవ్వేటప్పుడు పైమట్టి ఒక పక్క, కింది మట్టి ఇంకో పక్క పోయండి. తవ్వాక రెండు బకెట్ల నీళ్ళు పోసి వదిలేయండి. మర్నాటి దాకా నీళ్ళు అలాగే ఉంటే ఆ గుంతలో మొక్క కుళ్ళుతుంది. చోటు మార్చండి, లేదా అడుగు ఎత్తు దిబ్బ పోసి దాని మీద నాటండి. నల్లరేగడిలో ఈ పరీక్ష తప్పనిసరి.

తవ్విన మట్టిలో నాలుగోవంతు మాగిన పశువుల ఎరువు గానీ వర్మీ కంపోస్టు గానీ కలిపి, పావుకిలో వేపపిండి వేయండి. పచ్చిపేడ వేయకండి, అది చెదలను, వేరుపురుగును పిలిచి భోజనం పెట్టినట్టే. మొరం గుంతకు చెరువు మట్టి దొరికితే కలపండి.

సంచిని నిలువునా బ్లేడుతో కోసి తీసేయండి, పట్టుకుని లాగకండి. ఇప్పుడు వేర్లు చూడండి. గడ్డ చుట్టూ సన్నవేర్లు తిరిగి ఉంటే పదునైన కత్తితో గడ్డకు మూడు నాలుగు చోట్ల పైనుంచి కిందికి అంగుళం లోతు గీతలు పెట్టండి. మొక్కను చూసి జాలి పడకండి, తెగిన చోట కొత్త వేర్లు బయటికి పోతాయి. లావుపాటి వేరు గుండ్రంగా తిరిగితే తిరిగిన చోట కోసేయండి.

లోతు విషయంలో చాలామంది పొరబడతారు. కాండం వేరుగా మారే చోట కొంచెం ఉబ్బుగా ఉంటుంది. ఆ ఉబ్బు నేలమట్టానికి సమానంగా, ఇంకా చెప్పాలంటే అంగుళం పైకే ఉండాలి. తర్వాత మట్టి దిగుతుంది. గట్టిగా ఉంటుందని అరడుగు లోతుకు పూడ్చితే కాండం మొదలు తడిసి కుళ్ళుతుంది. మట్టి వేస్తూ చేత్తో అదమండి, కాలితో తొక్కకండి. వెంటనే రెండు బకెట్లు నీళ్ళు పోయండి.

ఊతకర్ర కావాలంటే మొక్కకు అడుగు దూరంలో రెండు పక్కలా రెండు కర్రలు పాతి, పాత గుడ్డపేలికతో వదులుగా కట్టండి. మొక్క గాలికి కాస్త ఊగాలి. ఊగితేనే కాండం బలపడుతుంది. ఏడాది తిరగగానే కట్లు విప్పేయండి. ప్లాస్టిక్ సుతిలి మర్చిపోయి బెరడులోకి దిగిపోయిన చెట్లు మన కాలనీల్లో వీధికొకటి కనిపిస్తాయి. మేకలు తిరిగే చోటయితే ట్రీ గార్డ్ లేకుండా నాటడం దండగ.

మొదటి మూడేళ్ళ నీళ్ళు

పొగడ వేరు పట్టాక ఎండను తట్టుకుంటుంది, పట్టే దాకా కాదు. మొదటి ఎండాకాలం వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి 15 లీటర్ల దాకా పోయండి. రెండో ఎండాకాలం వారానికి ఒకసారి, కొంచెం ఎక్కువ పోయండి. మూడో ఏట పది పదిహేను రోజులకు ఒకసారి చాలు. ఇసుకనేలకు ఇంకొంచెం తరచుగా, రేగడికి తక్కువగా. అనుమానం వస్తే వేలు మట్టిలోకి దించి చూడండి, రెండో కణుపు దగ్గర తడి తగిలితే ఆ రోజుకు మానేయండి. రోజూ చెంబుడు పోయడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. వేరు పైపైనే ఉండిపోతుంది.

పాదు ఏటేటా పెద్దది చేస్తూ పోవాలి. నీళ్ళు కాండానికి కాదు, కొమ్మల చివర నీడ పడే చోట కావాలి. పాదులో ఎండుటాకులు, కొబ్బరిపీచు, చెరకుపిప్పి ఏది దొరికితే అది మూడంగుళాల మందాన పరవండి, కాండం చుట్టూ జానెడు ఖాళీ వదిలేయండి. ఎరువు ఏడాదికి ఒకసారి, తొలకరిలో, ఒక బుట్టెడు. యూరియా వేసి తొందరపెడితే లేతరెమ్మలు పుట్టుకొస్తాయి, వాటి వెనకే పురుగులూ వస్తాయి.

కత్తిరింపు

వదిలేస్తే పొగడ కిందనుంచే గుబురుగా రెండు మూడు కాండాలు వేస్తుంది. చెట్టుగా కావాలంటే రెండో ఏట అన్నిటికన్నా నిటారుగా, బలంగా ఉన్నదాన్ని ఎంచుకుని, పోటీకి వస్తున్న వాటి కొసలు సగానికి తుంచండి. ఒక్కసారే మొదలంటా తీసేయొద్దు. కింది కొమ్మల్ని ఏడాదికి రెండు మూడు చొప్పున, చెట్టు ఎదిగేకొద్దీ ఏడడుగుల ఎత్తు దాకా తీసేస్తూ రండి. ఎప్పుడు చూసినా చెట్టు ఎత్తులో మూడింట రెండు వంతులు ఆకు ఉండాలి.

కోయడానికి పద్ధతి ఉంది. కొమ్మ కాండాన్ని కలిసే చోట బెరడు మెడపట్టీలా ముడతలు పడి ఉంటుంది. ఆ పట్టీకి బయట కోయాలి. దాన్ని చెక్కేస్తే గాయం మానదు, మొండి వదిలితే అది కుళ్ళి లోపలికి దారి ఇస్తుంది. చేతికన్నా లావు కొమ్మయితే ముందు అడుగు దూరంలో కింది వైపు గంటు పెట్టి, తర్వాత ఇంకొంచెం అవతల పైనుంచి కోసి బరువు దించి, చివరికి ఆ మొండిని తీయండి. నేరుగా పైనుంచి కోస్తే కొమ్మ విరుగుతూ కాండం బెరడును చీల్చుకుపోతుంది. పాలు కారతాయి, కంగారు పడొద్దు, వాటంతటవే గట్టిపడతాయి. పెయింటు, తారు పూయక్కర్లేదు.

ఆఫీసు ప్రాంగణాల్లో నెలనెలా కత్తెరేసి బంతిలా చేసిన పొగడల్ని చూస్తే నాకు బాధేస్తుంది. పూలు వచ్చేది రెమ్మల మీద ఆకుల పంగల్లో. ఆ రెమ్మల్నే ఎప్పటికప్పుడు కత్తిరిస్తే పూత ఎక్కడినుంచి రావాలి? ‘మా చెట్టు పూయడం లేదు’ అనేవాళ్ళని నేను ముందు అడిగేది మాలి ఎన్నాళ్ళకొకసారి వస్తాడని.

పురుగులు

సపోటా తోటల్లో ఆకుల్ని గూడుగా అల్లుకుని తినే పురుగు పొగడకూ వస్తుంది, బంధువులు కదా. చిన్న చెట్టయితే ఆ గూళ్ళను చేత్తో తుంచి కాల్చేయండి. పొలుసు పురుగు, పిండినల్లి పట్టినప్పుడు ఆకులు జిగురుగా అయి, పైన మసిలాంటి నల్లపొర కడుతుంది. కాండం మీద చీమల బారు కనిపిస్తే పైన ఇవి ఉన్నట్టే. లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున తడిసేలా కొట్టండి, పది రోజులకు మళ్ళీ. పెద్ద చెట్టుకు ఇవేవీ అక్కర్లేదు, దాని సంగతి అది చూసుకుంటుంది.

మనుషులతోనే ప్రమాదం. పొగడ బెరడు చిగుళ్ళకు మంచిదని ఆయుర్వేదంలో వాడుక, పళ్ళపొడుల్లో వేస్తారు. దాంతో దారినపోయేవాళ్ళు బతికున్న చెట్టు బెరడు చెక్కుతుంటారు. కాండం చుట్టూ వలయంలా బెరడు పోతే చెట్టు ఎండిపోతుంది. పెద్ద చెట్టును కొట్టాల్సి వస్తే మాత్రం 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకోవాలి, సొంత పెరట్లోదైనా సరే.

కుండీలో పెంచితే

అపార్టుమెంటు వాళ్ళు కూడా ఓ పదేళ్ళు పెంచుకోవచ్చు. ఒకటిన్నర అడుగు కుండీతో మొదలుపెట్టి, రెండేళ్ళకొకసారి బయటికి తీసి చుట్టుకున్న వేర్లు కత్తిరించి, కొత్త మట్టితో మళ్ళీ పెట్టాలి. మంచు కురిసే దేశాల్లో ఉన్న మనవాళ్ళు దీన్ని చలికాలమంతా ఇంట్లో, ఎండ పడే కిటికీ దగ్గర ఉంచాలి. లేతమొక్క మంచుకు తాళలేదు. సింగపూర్‌లో ఉన్నవాళ్ళకు ఆ బాధ లేదు, అక్కడ రోడ్ల పక్కనే తంజుంగ్ అనే పేరుతో ఉంటుంది.

పూలు వచ్చాక

గింజ మొక్కకు ఆరేడేళ్ళ ముందు పూత ఆశించకండి. ఇంకా ఆలస్యమైనా చెట్టుకు జబ్బు చేసిందనుకోవద్దు. పూత మొదలైన ఏడాది పూలు కనబడవు, వాసన వస్తుంది. పైకి చూస్తే ఏమీ ఉండదు, కిందకు చూస్తే మీగడ రంగులో గోరంత చక్రాలు నాలుగు పడి ఉంటాయి.

ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. పువ్వు రాలేటప్పుడు తొడిమ, దాని కప్పు కొమ్మకే ఉండిపోతాయి, రేకుల చక్రం ఒక్కటే ఊడి పడుతుంది. అందుకే నడిమధ్య బెజ్జం. సూదితో పని లేదు. అరటినార కొసను తడిపి మెలిపెట్టి బెజ్జంలోంచి దూర్చుకుంటూ పోతే పిల్లలు కూడా పావుగంటలో దండ చేసేస్తారు.

పూలు రాత్రి, తెల్లవారుజామున రాలతాయి. పనమ్మాయి ఊడ్చేలోపు ఏరుకోవాలంటే పడుకునేముందు చెట్టు కింద పాత చీర పరిచి ఉంచండి. వాడిపోతే వాసన పోవడం మల్లెకు, సన్నజాజికి. పొగడ ఎండిపోయి గోధుమరంగు తిరిగాక కూడా నెలల తరబడి వాసన వేస్తుంది. మూడు రోజులు నీడలో ఆరబెట్టి, గుడ్డసంచిలో పోసి బీరువాలో చీరల మధ్య పెట్టుకోండి. ప్లాస్టిక్ డబ్బాలో వద్దు, లోపల మిగిలిన తడికి బూజు పడుతుంది.